సొంత డిగ్రీ అల్లుకుంటారా? ముందు కాదనగలిగే అడ్వైజర్‌ను వెతుక్కోండి

మా అక్క కూతురికి చెరువుల పిచ్చి. పుట్టి పెరిగింది మసాచుసెట్స్‌లోనే అయినా, వేసవి సెలవుల్లో వరంగల్‌లోని తాతగారింటికి వెళ్ళినప్పుడల్లా రామప్ప, లక్నవరం, పాకాల చూసి రాకపోతే ఆమెకు ఆ ప్రయాణం పూర్తయినట్టు ఉండదు. హైస్కూలు చివరి ఏడాదికి వచ్చేసరికి ఆమె ప్రశ్నలన్నీ చెరువు కట్ట మీదే తిరుగుతున్నాయి. కాకతీయుల నాటి కట్ట ఇంతకాలం ఎలా నిలిచింది? తూము ఎత్తితే ఏ పొలానికి ఎంత నీరు పోవాలో ఎవరు తేల్చేవారు? మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టు ఎలా అమర్చారు? ఇందులో సివిల్ ఇంజనీరింగ్ ఉంది, చరిత్ర ఉంది, ఉపగ్రహ చిత్రాలు చూసి పటాలు గీయడం ఉంది, నీటి హక్కుల చట్టాలూ ఉన్నాయి. "ఇవన్నీ కలిపిన మేజర్ ఎక్కడుంది పిన్నీ?" అని అడిగింది. మేజర్ అంటే డిగ్రీలో ప్రధానంగా చదివే విషయం.

"ఎక్కడా లేదు. నువ్వే అల్లుకోవాలి" అన్నాను. ఆ ఒక్క మాట అన్న పాపానికి ఏడాది పాటు ఆ పిల్లతో కలిసి కాలేజీల వెంట తిరిగాను. మా బావగారు మొదట్లో నవ్వారు. "డిగ్రీ కూడా దర్జీ దగ్గర చొక్కాలాగా కుట్టించుకుంటారా?" అన్నారు. వెటకారంగా అన్నా, ఆ పోలిక నాకు ఏడాదంతా పనికొచ్చింది. గుడ్డ మనదే, మోజూ మనదే. కానీ కొలతలు తీసుకుని "ఈ గుడ్డకు పొడుగు చేతులు రావమ్మా" అని ముఖం మీద చెప్పగలిగినవాడే మంచి దర్జీ. అడిగిందల్లా కుడతానని తలూపేవాడి దగ్గర గుడ్డ పాడవుతుంది.

సొంతంగా చదువు రూపొందించుకునే వీలున్న కాలేజీలు అమెరికాలో చాలానే ఉన్నాయి. అవన్నీ స్వేచ్ఛ గురించే చెప్పుకుంటాయి. తీరా దగ్గరికి వెళ్ళి చూస్తే ఆ స్వేచ్ఛ ఒక చోటికీ మరో చోటికీ పెద్దగా మారదు. మారేది అడ్వైజర్ సంగతి, అంటే మీ చదువుకు దారి చూపే అధ్యాపకుడి సంగతి. ఆయన మీతో ఎన్నిసార్లు కూర్చుంటారు? వద్దనే అధికారం ఆయనకు ఉందా? మీ మధ్య జరిగిన మాట కాగితం మీదికి వస్తుందా? నేను కాలేజీలను ఈ మూడు ప్రశ్నలతోనే పోల్చాను. ర్యాంకుల పట్టిక పక్కన పెట్టేశాను. దానివల్ల మా బావగారికి కొన్నాళ్ళు నిద్ర పట్టలేదన్నది వేరే సంగతి.

ఒక ఉదాహరణ చెబితే నా ఉద్దేశం తెలుస్తుంది. ఒక కాలేజీలో మా పిల్ల తన చెరువుల ఆలోచన చెప్పగానే ఎదురుగా ఉన్నవాళ్ళు "అద్భుతం, మా దగ్గర ఏదైనా చేయవచ్చు" అన్నారు. పది నిమిషాల్లో బయటికి వచ్చేశాం. మరోచోట ఒక పెద్దావిడ కాగితం తీసుకుని మౌనంగా చదివి, "ఇందులో ద్రవగతిశాస్త్రం లేదేమిటి? తూములోంచి నీరు ఎంత పోతుందో ఎలా లెక్క కడతావు?" అని అడిగారు. ఆ తర్వాత మరో ప్రశ్న: "ఆ కాలం శాసనాలు నీకు ఎవరు చదివి పెడతారు?" నిజానికి మా పిల్ల లెక్కలు తప్పించుకోవడానికే ద్రవగతిశాస్త్రాన్ని వదిలేసింది. కారెక్కాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఆవిడ దగ్గరే చదవాలనుంది" అంది.

అన్నీ విప్పేసిన చోటు: బ్రౌన్

రోడ్ ఐలాండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయం 1969 నుంచి తన ఓపెన్ కరిక్యులమ్‌కు పేరుపడింది. ఆ మార్పుకు దారితీసిన నివేదికను రాసింది అక్కడి విద్యార్థులే. ఇరా మాగజైనర్, ఎలియట్ మాక్స్‌వెల్ అనే ఇద్దరు దాన్ని నడిపించారు. అందరూ తప్పనిసరిగా చదవాల్సిన సబ్జెక్టుల జాబితా అంటూ అక్కడ లేదు. రాయడంలో సామర్థ్యం చూపాలి, ఒక కాన్సంట్రేషన్ (మేజర్‌కు అక్కడి పేరు) పూర్తి చేయాలి, 30 కోర్సులు ఉత్తీర్ణులు కావాలి. గ్రేడ్లు ఏ, బీ, సీ వరకే. తప్పితే అది బయటికి పంపే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల పత్రంలో, కనబడదు. కావాలనుకుంటే గ్రేడ్ లేకుండా కేవలం ఉత్తీర్ణత కోసమే కోర్సు తీసుకోవచ్చు.

మన పిల్లలకు, ముఖ్యంగా డాక్టరీ వైపు వెళ్ళాలనుకుంటూనే సంగీతమో చరిత్రో వదులుకోలేని పిల్లలకు, ఇది పండగే. కానీ ఒక చిక్కుంది. ఇక్కడ అడ్వైజర్ సలహా చెబుతారే తప్ప అడ్డు పడరు. అడిగితే మంచి సలహా దొరుకుతుంది, అడగకపోతే ఎవరూ వెంటపడరు. అమ్మానాన్నలు గీసిన గీత మీదే నడిచి, ట్యూషన్ సారు చెప్పిందే రాసి పద్దెనిమిదేళ్ళు గడిపిన పిల్లను ఒక్కసారిగా ఈ మైదానంలో వదిలితే, మొదటి ఏడాది ఎటు పరిగెత్తాలో తెలియక నిలబడిపోయే ప్రమాదముంది.

అదే బ్రౌన్‌లో ఇండిపెండెంట్ కాన్సంట్రేషన్ అనే మరో దారి ఉంది. ఉన్న కాన్సంట్రేషన్లలో ఏదీ మీ ప్రశ్నకు సరిపోదని రుజువు చేస్తూ ప్రతిపాదన రాయాలి. ఒక అధ్యాపకుణ్ణి ఒప్పించుకోవాలి. ఏయే కోర్సులు, ఏ వరుసలో, ఎందుకు అన్నది వివరించాలి. చివర ఒక పెద్ద పని చేసి చూపాలి. దాన్ని ఒక సంఘం చదువుతుంది. దిద్దమని తిప్పి పంపడం అక్కడ మామూలే. ఓపెన్ కరిక్యులమ్ కంటే ఈ చిన్న దారే నాకు ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఇక్కడ కాదనేవాళ్ళు ఉన్నారు. చెరువుల ప్రతిపాదన ఇలాంటి సంఘం ముందుకు వెళితే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఊహించవచ్చు: "పర్యావరణ అధ్యయనాల్లో చేరి చరిత్ర కోర్సులు కలుపుకుంటే సరిపోదా?" దానికి జవాబు చెప్పలేకపోతే, నిజంగానే సరిపోతుందన్నమాట. సొంత మేజర్ కావాలని బయలుదేరిన చాలామందికి కావలసింది ఒక మామూలు మేజర్, దానికి తోడు ఒక మైనర్, అంటే కొద్ది కోర్సులతో పూర్తయ్యే రెండో విషయం. ఆ మాట రెండో ఏడాదిలోనే చెప్పేవాళ్ళు దొరికితే అదృష్టమే.

ఒప్పందం రాసుకునే చోటు: ఎవర్‌గ్రీన్

వాషింగ్టన్ రాష్ట్ర రాజధాని ఒలింపియాలో ఉన్న ఎవర్‌గ్రీన్ స్టేట్ కాలేజీ ప్రభుత్వానిది. 1967లో శాసనసభ స్థాపించింది, 1971లో తరగతులు మొదలయ్యాయి. అక్కడ మేజర్లు లేవు, గ్రేడ్లు లేవు. ఒక క్వార్టర్‌లో (సుమారు పది వారాల పాఠ్యకాలం) నాలుగు వేర్వేరు కోర్సులకు బదులు, ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు కలిసి నడిపే 16 క్రెడిట్ల ప్రోగ్రాం ఒకటి తీసుకుంటారు. నీళ్ళ గురించి అయితే జీవశాస్త్రం చెప్పేవారు, చరిత్ర చెప్పేవారు ఒకే గదిలో ఉండవచ్చు. మన పిల్ల ప్రశ్నలాంటి ప్రశ్నలకు పుట్టిన చోటు అనిపించింది.

సొంత చదువు కోసం అక్కడ ఇండివిడ్యువల్ లెర్నింగ్ కాంట్రాక్ట్ ఉంది. క్వార్టర్ మొదలయ్యే ముందే ఒక అధ్యాపకుడితో కూర్చుని ఏమి నేర్చుకుంటావు, ఏమి చదువుతావు, ఏమి రాసి చూపిస్తావు, ఎన్ని రోజులకోసారి కలుస్తావు అన్నది రాసుకోవాలి. ఇద్దరూ ఒప్పుకుంటేనే అది నడుస్తుంది. క్వార్టర్ చివర అధ్యాపకుడు విద్యార్థి గురించి రాస్తాడు, విద్యార్థి తన గురించి తాను రాసుకుంటుంది, అధ్యాపకుడి గురించీ రాస్తుంది. ట్రాన్‌స్క్రిప్ట్ అంటే విద్యార్థి గురించిన ఈ రాతల కట్ట.

నా మూడు ప్రశ్నలతో కొలిస్తే ఎవర్‌గ్రీన్‌కు మంచి మార్కులే పడతాయి. మాట కాగితం మీదికి వస్తుంది, సంతకం పెట్టకుండా ఉండే హక్కు అధ్యాపకుడికి ఉంది. లోపమూ అక్కడే ఉంది. 16 క్రెడిట్లూ ఒకే ఒప్పందం మీద, ఒకే మనిషి మీద ఆధారపడితే, ఆ మనిషితో పొసగకపోయినా, ఆయనకు తీరిక లేకపోయినా, మొత్తం క్వార్టర్ చేజారుతుంది. నాలుగు కోర్సులు చదివేవాడికి ఒకటి చెడితే మూడు మిగులుతాయి. అందుకే మొదటి ఏడాదిలోనే ఒప్పందం జోలికి వెళ్ళకుండా, ప్రోగ్రాముల్లో కూర్చుని అధ్యాపకులను గమనించి, రెండు మూడేళ్ళ తర్వాత ఒకరిని ఎంచుకోవడం మేలు.

రెడ్మండ్, బెల్‌వ్యూ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది సొంత రాష్ట్రపు ఫీజుతో దొరికే చదువు. అయినా మనవాళ్ళ మధ్య దాని పేరు అరుదుగా వినబడుతుంది. గ్రేడ్లు లేవనగానే మనకు చదువే లేదనిపిస్తుంది, ఇంటర్ మార్కులతో మనిషిని తూచడం అలవాటైన ప్రాణాలు కదా. నాకు మాత్రం "ఈమె గోదావరి మీద రాసిన వ్యాసంలో ఆధారాలు బాగా వాడింది, లెక్కల దగ్గర మాత్రం తొందరపడింది" అన్న ఒక్క వాక్యం "ఏ మైనస్" కన్నా ఎక్కువ చెప్పినట్టే అనిపిస్తుంది. కాకపోతే ఆ వాక్యాన్ని చదివే తీరిక ఎదుటివారికి ఉండాలి. కొన్ని స్కాలర్‌షిప్‌లు, పై చదువుల దరఖాస్తులు జీపీఏ అనే ఒక అంకెనే అడుగుతాయి. మెడిసిన్, లా వైపు వెళ్ళే ఆలోచన ఉంటే ఆ సంగతి చేరకముందే తేల్చుకోండి.

కుర్చీ ఎదురుగా కుర్చీ: సారా లారెన్స్, గాలటిన్

అడ్వైజర్ ఎన్నిసార్లు కలుస్తారన్న ప్రశ్న ఒక్కటే వేస్తే న్యూయార్క్ పక్కన ఉన్న సారా లారెన్స్ కాలేజీ ముందుంటుంది. 1926లో స్థాపించిన ఈ చిన్న కాలేజీలో ప్రతి విద్యార్థికి ఒక డాన్ ఉంటారు, అంటే నాలుగేళ్ళ చదువును కనిపెట్టుకుని ఉండే అధ్యాపకుడు. సెమినార్‌తో పాటు, అదే కోర్సుకు సంబంధించి అధ్యాపకుడితో ఒంటరిగా కూర్చునే కాన్ఫరెన్స్ సుమారు రెండు వారాలకోసారి జరుగుతుంది. అక్కడ విద్యార్థి తన సొంత ప్రశ్న మీద పని చేస్తుంది. సెమిస్టర్‌కు మూడే కోర్సులు. రాసిన మూల్యాంకనాలు విద్యార్థికి అందుతాయి, బయటివాళ్ళ కోసం గ్రేడ్లు కూడా నమోదవుతాయి. రెండు లోకాలకూ సరిపడే ఏర్పాటు ఇది. మా పిల్లకు అడ్డొచ్చింది ఒక్కటే, అక్కడ సివిల్ ఇంజనీరింగ్ లేదు. రచన, రంగస్థలం, చరిత్ర వైపు మనసున్న పిల్లలైతే నేను ముందు ఈ పేరే చెబుతాను. ఫీజు చూసి గుండె ఆగినంత పనవుతుంది. సహాయం ఎంత ఇస్తారన్నది రాతపూర్వకంగా చేతికి వచ్చేదాకా ఆశ పెట్టుకోకండి.

న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని గాలటిన్ స్కూల్ మరో రకం. 1972లో గోడలు లేని విశ్వవిద్యాలయం అన్న అర్థం వచ్చే పేరుతో మొదలైంది. విద్యార్థి మొత్తం విశ్వవిద్యాలయంలోని స్కూళ్ళ నుంచి కోర్సులు ఏరుకుని తన కాన్సంట్రేషన్ తానే తయారు చేసుకుంటుంది. నాకు ఇక్కడ నచ్చింది మెట్లు కట్టిన తీరు. ప్రతి సెమిస్టర్ అడ్వైజర్ ఒప్పుకుంటేనే కోర్సుల నమోదు జరుగుతుంది. రెండో ఏడాది చివర్లో, ఇప్పటిదాకా నా ఆలోచన ఎలా నడిచింది, ఇకపై ఎటు వెళ్ళాలనుకుంటున్నాను అని ఒక చిన్న వ్యాసం రాయాలి. చివరి ఏడాదిలో ఇరవైకి పైగా పుస్తకాల జాబితా పట్టుకుని అధ్యాపకుల ముందు కూర్చుని మాట్లాడాలి. దాన్ని కలోక్వియం అంటారు. మా పిల్లతో సరదాగా ఆ జాబితా వేయించాను. ఏడు పుస్తకాల దగ్గర ఆగిపోయింది. చెరువుల మీద తనకున్న ఇష్టం ఎంత, చదువు ఎంత అన్నది ఆ రోజే తెలిసింది. మీరు ఏ కాలేజీలో చేరినా, చేరకపోయినా, ఇంట్లో కూర్చుని ఈ పరీక్ష పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

అన్ని స్కూళ్ళ నుంచి ఏరుకోవచ్చన్న మాటలో ఒక మెలిక ఉంది. ఇంజనీరింగ్ కోర్సులకు ముందస్తు కోర్సులు ఉంటాయి, వాటికి ముందు మరికొన్ని ఉంటాయి. ఆ గొలుసును మొదటి సెమిస్టర్ నుంచే పట్టుకోకపోతే మూడో ఏడాదిలో తలుపు మూసి ఉంటుంది. సైన్సు, ఇంజనీరింగ్ కలిసిన సొంత మేజర్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఎవరూ పట్టించుకోని మంచి దారి

ఏడాది తిరిగాక నాకు అన్నిటికన్నా గట్టిగా నిలబడేలా కనిపించింది పెద్ద రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒక మూలన ఉండే సొంత మేజర్ విభాగం. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్హర్స్ట్‌లో దాన్ని బీడిక్ అంటారు, సొంత కాన్సంట్రేషన్‌తో ఇచ్చే బ్యాచిలర్స్ డిగ్రీ అది. ఇండియానా విశ్వవిద్యాలయంలో, కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో కూడా ఇలాంటి విభాగాలున్నాయి. పేర్లు వేరైనా పద్ధతి దాదాపు ఒకటే. ఒక అధ్యాపకుణ్ణి స్పాన్సర్‌గా ఒప్పించాలి, కనీసం రెండు మూడు విభాగాల కోర్సులతో ప్రతిపాదన రాయాలి, విభాగం దాన్ని చదివి ఒప్పుకోవాలి.

ఇక్కడ బలం ఏమిటంటే, పక్క భవనంలోనే సివిల్ ఇంజనీరింగ్ ఉంటుంది, దాని ప్రయోగశాల ఉంటుంది, పటాలు గీసే సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్ళుంటారు. సొంత రాష్ట్రం వాళ్ళకు ఫీజూ తక్కువ. ప్రతిపాదన కుదరకపోతే మామూలు మేజర్‌లోకి జారుకోవడం సులువు, కాలేజీ మారనక్కర్లేదు. సొంత చదువు తప్ప మరేదీ లేని చిన్న కాలేజీలో ఈ వెసులుబాటు ఉండదు. బలహీనత కూడా చెప్పాలి. అక్కడ మిమ్మల్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. స్పాన్సర్ కోసం మీరే ఈమెయిళ్ళు రాయాలి, పదింటికి రెండు జవాబులు వస్తే గొప్ప. బిడియస్తులైన పిల్లలు ఈ దశలోనే వదిలేస్తారు. మా పిల్ల చేత మొదటి ఉత్తరం రాయించడానికి నాకు రెండు వారాలు పట్టింది. "మీ పరిశోధన నాకు చాలా ఇష్టం" అని మొదలుపెట్టింది. ఆ ప్రొఫెసర్ పరిశోధన ఒక్కటీ చదవలేదు. చింపేయించాను.

చదువు మధ్యలో ఆగినవాళ్ళకు

ఇది మా పిల్ల కోసం వెతుకుతుంటే తగిలిన సంగతి, కానీ మనవాళ్ళలో చాలామందికి పనికొస్తుంది. పెళ్ళయి అమెరికా వచ్చి డిగ్రీ రెండో ఏట ఆపేసినవాళ్ళు, ఏళ్ళ తరబడి ఏదో ఒక పని నేర్చుకుని కాగితం మాత్రం లేనివాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది లేరు! న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థలో 1971లో పెద్దవాళ్ళ కోసమే పెట్టిన ఎంపైర్ స్టేట్ కాలేజీ, ఇప్పటి ఎంపైర్ స్టేట్ యూనివర్సిటీ, ఈ పని చేస్తుంది. మెంటార్‌తో కూర్చుని డిగ్రీ ప్రణాళిక రాయడాన్నే అక్కడ ఒక కోర్సుగా చదువుతారు, దానికీ క్రెడిట్లు ఉంటాయి. ఈ ప్రణాళిక ఎందుకు ఇలా ఉందో ఒక వ్యాసం రాయాలి. పాత కాలేజీ క్రెడిట్లను కలుపుకోవచ్చు, మన దేశంలో చదివినవైతే వాటి విలువ కట్టించాలి. ఉద్యోగంలోనో, బయటో నేర్చుకున్నదాన్ని కాలేజీ స్థాయిలో నిరూపించగలిగితే దానికీ క్రెడిట్లు అడగవచ్చు. పద్దెనిమిదేళ్ళ పిల్లలకు నేను దీన్ని సూచించను. వాళ్ళకు తోటివాళ్ళు కావాలి, క్యాంపస్ కావాలి. నలభై ఏళ్ళ మీ వదినగారికైతే తప్పక చెప్పండి.

తలుపులు మూసేసిన కాలేజీలు

ఈ రకం చదువుకు పేరు తెచ్చిన చిన్న కాలేజీలు కొన్ని ఇప్పుడు లేవు. వర్మాంట్‌లో 1938లో పుట్టిన గొడ్డార్డ్ 2024లో మూతపడింది. అదే రాష్ట్రంలోని మార్ల్‌బరో 2020లో ఆగిపోయి, బోస్టన్‌లోని ఎమర్సన్ కాలేజీలో కలిసింది. చదువును మూడు దశలుగా విడదీసే డివిజన్ల పద్ధతితో, చివరి ఏడాదంతా ఒకే ప్రాజెక్టుతో 1970లో తరగతులు మొదలుపెట్టిన హాంప్‌షైర్ కాలేజీ 2019లో ఎంత ఇరుకున పడిందంటే, ఆ ఏడాది కొత్త విద్యార్థులను పూర్తి స్థాయిలో చేర్చుకోలేదు. ఒక్కో పిల్లకు ఒక్కో అధ్యాపకుడు గంటల తరబడి కూర్చోవడం ఖరీదైన పని. విద్యార్థులు తగ్గితే ముందు కుంగేవి ఇవే.

అందువల్ల చిన్న కాలేజీ ఎంత నచ్చినా, దాని గుర్తింపు సంస్థ దాన్ని హెచ్చరికలో పెట్టిందా, గత ఐదేళ్ళలో విద్యార్థుల సంఖ్య పెరిగిందా తగ్గిందా అన్నది చూడండి. సొంత డిగ్రీ మధ్యలో కాలేజీ మూతపడితే నష్టం మామూలు విద్యార్థి కన్నా రెట్టింపు. మీ ప్రణాళిక మీ అడ్వైజర్‌కు అర్థమవుతుంది, కొత్త కాలేజీ రిజిస్ట్రార్‌కు అర్థం కాదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్ళకు

మా పిల్ల అమెరికా పౌరురాలు కాబట్టి ఆమెకు లేని తలనొప్పి, ఎఫ్-1 వీసా మీద వచ్చేవాళ్ళకు ఉంటుంది. ఇది ముందే చెప్పకపోవడం మోసమవుతుంది. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. డిగ్రీ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. జాబితాలో ఉందా లేదా అన్నది మీరు చదివిన కోర్సులను బట్టి తేలదు, ఆ డిగ్రీకి విశ్వవిద్యాలయం పెట్టిన సీఐపీ కోడ్, అంటే అది ఏ రంగపు చదువో చెప్పే అంకె, బట్టి తేలుతుంది. సొంత మేజర్లకు తరచుగా లిబరల్ ఆర్ట్స్ కోడో, బహుళ విభాగాల సాధారణ కోడో పడుతుంది. అంటే ద్రవగతిశాస్త్రం, ఉపగ్రహ పటాలు, గణాంకాలు అన్నీ చదివినా రెండేళ్ళు చేజారవచ్చు. తర్వాత హెచ్-1బీ దగ్గర ఉద్యోగానికీ డిగ్రీకీ ఉన్న సంబంధం చూపాలి. "చెరువుల అధ్యయనం" అన్న పేరున్న డిగ్రీతో అది మరింత కష్టం.

ప్రతిపాదన రాయకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో వీసా వ్యవహారాలు చూసే అధికారిని (డీఎస్‌ఓ) ఈ ప్రోగ్రాం కోడ్ ఏమిటని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. నా సలహా అయితే, సివిలో, గణాంకశాస్త్రమో ఒక స్టెమ్ మేజర్‌ను వెన్నెముకగా పెట్టుకుని, సొంత కాన్సంట్రేషన్‌ను దాని పక్కన రెండోదిగా నడపడం. ఎక్కువభాగం ఆన్‌లైన్‌లో నడిచే చదువుల జోలికి అసలు వెళ్ళవద్దు. ఎఫ్-1లో పూర్తి కాలం చదువు లెక్కలోకి సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు మాత్రమే వస్తుంది. తిరిగి ఇండియా వచ్చి ఉద్యోగమో పీజీనో అనుకునేవాళ్ళకు గ్రేడ్లు లేని ట్రాన్‌స్క్రిప్ట్‌తో శాతం ఎంత అని అడిగే దరఖాస్తు నింపడం మరో చిక్కు. అలాంటివారు గ్రేడ్లు కూడా నమోదు చేసే కాలేజీనే చూసుకోవాలి.

ఇండియాలోనే ఉండి చదివితే కాదా అని మా బావగారి తమ్ముడు హైదరాబాద్ నుంచి అడిగారు. కాగితం మీద చూస్తే మన దగ్గరా వీలు పెరిగింది. 2020 జాతీయ విద్యా విధానం తర్వాత నాలుగేళ్ళ డిగ్రీ వచ్చింది, 2021లో వేర్వేరు చోట్ల సంపాదించిన క్రెడిట్లను దాచుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది, ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక అయిన స్వయంలోని కోర్సులను సెమిస్టర్‌లో 40 శాతం వరకు తీసుకోవడానికి యూజీసీ అనుమతించింది. తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో బకెట్ల నుంచి, అంటే సబ్జెక్టుల గుంపుల నుంచి, ఎంచుకోమంటారు. బకెట్లు బాగానే ఉన్నాయి, వాటి పక్కన నిలబడి "ఇది వద్దు, అది తీసుకో" అని చెప్పే మనిషికి మాత్రం ఎవరూ జీతం ఇవ్వడం లేదు. ఉన్న అధ్యాపకులే తరగతులు చెప్పాలి, పరీక్షలు దిద్దాలి, అడ్మిషన్లూ చూడాలి. ఇక్కడ సొంత చదువు నడిపించుకోవాలంటే కాలేజీ లోపలో బయటో ఒక పెద్దను మీరే వెతుక్కుని, నెలకొకసారి కలిసేలా మాట తీసుకోవాలి. ఆ మాట దొరికితే బకెట్లతోనూ చాలా చేయవచ్చు.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు

క్యాంపస్ తిప్పి చూపే విద్యార్థిని వసతి గృహం గురించి అడగడం మానేసి, ఆమె అడ్వైజర్‌ను ఆఖరిసారి ఎప్పుడు కలిసిందో అడగండి. "ఈమధ్యే" అంటే ఒప్పుకోకండి, తారీఖు అడగండి. ఒక అడ్వైజర్ చేతిలో ఎంతమంది ఉన్నారు, ఆయన సెలవు మీద వెళితే మీ కాగితం ఎవరి దగ్గరికి పోతుంది, కిందటేడు ఎన్ని ప్రతిపాదనలు తిరస్కరించారు అన్నవి విభాగం వాళ్ళను అడగండి. ఒక్కటీ తిరస్కరించలేదని గర్వంగా చెబితే నేనైతే ఆ కాలేజీని జాబితాలో కిందికి దించుతాను. ఇటీవలే పూర్తయిన ఒక ప్రణాళిక నకలు చూపించమనండి, పేరు కొట్టేసి ఇవ్వవచ్చు. మొదటి ప్రతికీ చివరి ప్రతికీ తేడా ఎంత ఉందో చూస్తే అక్కడ అడ్వైజర్లు పని చేస్తున్నారో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలు తల్లిదండ్రులు అడగకూడదు, పిల్లలే అడగాలి. మా బావగారు ఒకచోట ఆగలేక మధ్యలో అందుకున్నారు. అక్కడి ఆచార్యుడు ఆయనకేసి కాకుండా మా పిల్లకేసి తిరిగి జవాబు చెప్పారు.

చివరికి మా పిల్ల రాష్ట్ర విశ్వవిద్యాలయంలోనే చేరింది. ద్రవగతిశాస్త్రం అడిగిన పెద్దావిడ ఉన్నది అక్కడే. ప్రతిపాదన రెండుసార్లు తిరిగి వచ్చింది. మొదటిసారి, చరిత్ర కోర్సులు ఎక్కువై నీటి లెక్కలు తక్కువయ్యాయని. రెండోసారి, తెలుగు చదవడం రాకుండా చెరువు తీర్మానాలు, ఊరి లెక్కలు ఎలా చూస్తావని. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది కానీ ఒత్తుల దగ్గర తడబడుతుంది. ఇప్పుడు మూడో ప్రతి రాస్తోంది. నీటి హక్కుల చట్టం తీసేసింది, కాల్క్యులస్ చేర్చింది, వేసవి మొత్తం వరంగల్‌కు కేటాయించింది. ఆదివారాలు నాకు ఫోన్ చేసి పాత తెలుగు వాచకం గట్టిగా చదువుతుంది. నిన్న "నీరటికాడు" (చెరువు నీటిని పొలాలకు వదిలేవాడు) అన్న మాట దగ్గర ఆగి, "పిన్నీ, ఈయనకు జీతం ఎవరిచ్చేవారు?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆవిణ్ణి అడుగుతానని రాసుకుంది.